రాజీనా, తీర్పా: కోర్టు కేసును ఎక్కడ ముగించాలో తేల్చే లెక్కలు

క్లుప్తంగా: కోర్టులో ఉన్న కేసును రాజీతో ముగిస్తే కాలం, ఖర్చు కలిసివస్తాయి, కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ తీర్పు మీద అప్పీలు ఉన్నట్టుగా రాజీ మీద అప్పీలు ఉండదు. మన దేశంలో రాజీ మొత్తాన్ని చాలాసార్లు నిర్ణయించేది కేసులోని న్యాయబలం కాదు, ఎవరు ఎక్కువ కాలం ఆగగలరన్నదే. అందుకే సంతకానికి ముందు రెండు పనులు తప్పనిసరి. విచారణ చివరిదాకా నడిస్తే ఎంత వస్తుందో లెక్క వేసుకోవాలి, రాజీపత్రంలో ప్రతి షరతునూ అమలు చేయించుకోగలిగేలా రాయించుకోవాలి.

జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గర పడినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టుల నుంచి కక్షిదారులకు నోటీసులు వెళతాయి. రోడ్డు ప్రమాదంలో ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబం, చెక్కు బౌన్స్ కేసు వేసిన చిన్న వ్యాపారి, అన్నదమ్ముల మీద భాగపరిష్కారం దావా వేసిన ఆడబిడ్డ, వీరందరికీ వచ్చే నోటీసు దాదాపు ఒకేలా ఉంటుంది. రాజీ వల్ల ఎదురయ్యే ఫలితం మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఈ తేడాను గమనించకుండా రాజీ ఎప్పుడూ మేలేనని చెప్పడం ఎంత తప్పో, రాజీపడితే ఓడిపోయినట్టేనని అనుకోవడం కూడా అంతే తప్పు.

రాజీ అనే ఒక్క మాట కింద ఉన్న దారులు

వాది, ప్రతివాది తమంతట తామే మాట్లాడుకుని, షరతులు రాసి, సంతకాలు చేసి కోర్టులో దాఖలు చేయడం మొదటి దారి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డర్ 3వ రూల్ ప్రకారం, ఆ ఒప్పందం చట్టబద్ధంగా ఉందని తృప్తి పడ్డాక కోర్టు దాన్నే డిక్రీగా, అంటే అమలు చేయించుకోదగిన కోర్టు నిర్ణయంగా మారుస్తుంది. 

రెండోది లోక్ అదాలత్. 1982 మార్చిలో గుజరాత్‌లోని ఊనాలో ప్రయోగంగా మొదలైన ఈ పద్ధతికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం రూపం ఇచ్చింది. ఆ చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు (రాజీని నమోదు చేసిన నిర్ణయానికి) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఒప్పందం కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే వెళుతుంది, లోక్ అదాలత్ తనంత తానుగా తీర్పు చెప్పదు. విద్యుత్తు, బీమా, ఆసుపత్రి వంటి ప్రజోపయోగ సేవల వివాదాలు చూసే శాశ్వత లోక్ అదాలత్ సంగతి వేరు. అక్కడ రాజీ కుదరకపోతే కోటి రూపాయల విలువ దాకా ఆ సంస్థే వివాదాన్ని తేల్చేస్తుంది. ఈ రెండింటి పేర్లు దాదాపు ఒకటే కావడం వల్ల చాలామంది పొరబడుతున్నారు.

మూడోది మీడియేషన్. తెలుగులో మీడియేషన్‌నూ ఆర్బిట్రేషన్‌నూ మధ్యవర్తిత్వమనే రాస్తున్నందువల్ల ఒక గందరగోళం తలెత్తుతోంది. ఆర్బిట్రేటర్ ఇరుపక్షాల వాదన విని నిర్ణయం చెబుతాడు, అది ఇష్టం లేకపోయినా కట్టుబడాలి. మీడియేటర్ మాట్లాడించడం వరకే, నిర్ణయం కక్షిదారులదే. 3 లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదాల్లో అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో, దావా వేయకముందే మీడియేషన్‌కు వెళ్లి తీరాలని వాణిజ్య కోర్టుల చట్టం చెబుతోంది. ఆ నియమాన్ని దాటవేసి వేసిన దావాను తిరస్కరించవలసిందేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తీర్పు దాకా నడిచే దావా

రాజీకి ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే రెండో వైపు ఏముందో చూడాలి. దావా దాఖలైన తరువాత ప్రతివాదికి సమన్లు అందాలి, ఆయన జవాబు దాఖలు చేయాలి. కోర్టు వివాదాంశాలను ఖరారు చేశాక సాక్ష్యం అఫిడవిట్లు, క్రాస్ ఎగ్జామినేషన్లు, వాదనలు సాగుతాయి, ఆ తరువాత తీర్పు వస్తుంది. భాగపరిష్కారం దావాలో అయితే మొదట వాటాలు తేల్చే ప్రాథమిక డిక్రీ వస్తుంది. కమిషనర్ పొలానికి వెళ్లి కొలిచి హద్దులు చూపిన తరువాత గానీ తుది డిక్రీ రాదు. ఆపైన మొదటి అప్పీలు, రెండో అప్పీలు ఉంటాయి.

ఇంత జరిగాక చేతికొచ్చేది కాగితమే. ప్రతివాది తనంతట తాను డబ్బు కట్టకపోతే, స్థలం ఖాళీ చేయకపోతే, డిక్రీని అమలు చేయించమంటూ వాది ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. వకీళ్లు, గుమాస్తాలు ఈపీ అని పిలిచే ఈ దశ మరో దావా అంత సాగుతుందని కోర్టు మెట్లెక్కిన ఎవరిని అడిగినా చెబుతారు. దేశవ్యాప్తంగా 8.82 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నాయని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కలు చెప్పాయి. అంటే అవన్నీ ఎవరో ఒకరు ఇప్పటికే గెలిచిన కేసులు. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత పుట్టింది ఈ దశను చూసే కావచ్చు.

రాజీ మొత్తం న్యాయమైనదో కాదో తెలిసేదెలా

మోటారు ప్రమాద పరిహారం కేసు ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. ఎందుకంటే అక్కడ విచారణ ఫలితాన్ని ముందుగానే చాలావరకు లెక్క కట్టవచ్చు. 2009, 2017 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు ముఖ్యమైన తీర్పులు ఆ లెక్కకు సూత్రాన్ని ఏర్పరచాయి. మృతుడి ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కలపాలి, అతడి సొంత ఖర్చు తీసేయాలి, వచ్చిన వార్షిక మొత్తాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి.

నెలకు 15,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ల ఆటో డ్రైవర్ మరణించాడని, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారని అనుకుందాం. స్వయం ఉపాధిలో ఉన్న 40 ఏళ్లలోపు వ్యక్తికి 40 శాతం కలపాలి కనుక ఆదాయం 21,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750 మిగులుతుంది. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 16 కనుక మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భర్త తోడు కోల్పోయినందుకు ఇచ్చే సొమ్ము వంటివి దీనికి అదనం.

లోక్ అదాలత్‌లో బీమా కంపెనీ 20 లక్షలు ఇస్తానందనుకుందాం. పై లెక్క తెలియని కుటుంబానికి అది పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. తెలిసిన కుటుంబం అడగవలసిన ప్రశ్న వేరు: ఆ 10 లక్షల కోత దేనికి? కంపెనీ చెప్పే జవాబు సాధారణంగా ఆదాయానికి రుజువు లేదనే ఉంటుంది. సరే, పరిహారం కేసును విచారించే ట్రిబ్యునల్ ఆదాయాన్ని 10,000కే పరిమితం చేసిందనుకుని అదే సూత్రంతో లెక్కిస్తే 20,16,000 వస్తుంది. అంటే కంపెనీ ఇస్తానన్న మొత్తం, ఆదాయం విషయంలో కుటుంబం పూర్తిగా ఓడిపోయినా వచ్చే మొత్తానికి దాదాపు సమానం. ప్రమాదంలో మృతుడి తప్పు కూడా ఉందని రుజువయ్యే ప్రమాదం ఏమీ లేకపోతే, ఆ మొత్తానికి రాజీపడటంలో కుటుంబానికి కలిసివచ్చేది కాలం ఒక్కటే. ఆటో యజమానుల సంఘం రికార్డులో, ఫైనాన్స్ కంపెనీకి కట్టిన వాయిదాల రసీదుల్లో, బ్యాంకు పాస్‌బుక్కులో ఆదాయానికి ఆధారం దొరికితే బేరం 20 లక్షల దగ్గర కాదు, 30 లక్షల దగ్గర మొదలు కావాలి. అదే మృతుడు హెల్మెట్ లేకుండా బైకు మీద ఎదురుదారిలో వెళ్లినట్టు పోలీసు పంచనామా చెబుతుంటే లెక్క తలకిందులవుతుంది, అప్పుడు 20 లక్షలు మంచి రాజీయే కావచ్చు.

రాజీ మొత్తం మంచిదా కాదా అన్నది ఆ మొత్తాన్ని చూస్తే తెలియదు, విచారణలో వచ్చే ఫలితంతో పోల్చినప్పుడే తెలుస్తుంది. ఈ ఒక్క లెక్కను లోక్ అదాలత్ బల్ల ముందు కూర్చోకముందే కుటుంబానికి వివరించడం న్యాయవాది కనీస బాధ్యత.

ఆగగలిగినవాడిదే పైచేయి

విచారణ ఫలితం అంతలా లెక్కకు అందుతున్నప్పుడు కూడా తక్కువ మొత్తానికి ఎందుకు ఒప్పుకుంటారు? పరిహారం కేసుల్లో పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కలుస్తుంది కాబట్టి ఆలస్యం కాగితం మీద పెద్ద నష్టం కాదు. కానీ పిల్లల బడి ఫీజు, ఇంటి అద్దె వడ్డీ కోసం ఆగవు. బీమా కంపెనీకి ఇది వేల కేసుల్లో ఒకటి, ఆ కుటుంబానికి ఉన్నది ఇదొక్కటే. తేడా అక్కడే ఉంది.

డబ్బు రికవరీ దావాల్లో ఈ అసమానతను చట్టమే పెంచుతోంది. వాణిజ్య లావాదేవీ కాని అప్పుల్లో, డిక్రీ తరువాతి కాలానికి ఏడాదికి 6 శాతానికి మించి వడ్డీ ఇవ్వడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ఒప్పుకోదు. బయట నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బయట 24 శాతానికి అప్పు తేవలసిన బాకీదారుకు, డిక్రీ అయిన బాకీని 6 శాతం మీద కట్టకుండా ఆపుకోవడం అన్నిటికన్నా చవకైన అప్పు. వాయిదా మీద వాయిదా తీసుకునే ప్రతివాది తెలివితక్కువవాడు కాదు, నియమాలు ఇచ్చిన వెసులుబాటును వాడుకుంటున్నాడు. అబద్ధపు వాదన చేసినవారి మీద విధించే పరిహారపు ఖర్చులకు కూడా సాధారణ దావాల్లో 3,000 రూపాయల పరిమితి ఇంకా అలాగే ఉంది. అసలు ఖర్చు గెలిచినవాడికి తిరిగి వచ్చేది బహు తక్కువ.

ఇంగ్లండ్‌లో ఈ లెక్కను నియమాలే మార్చేశాయి. అక్కడ ప్రతివాది రాతపూర్వకంగా ఒక మొత్తం ఇస్తానన్నప్పుడు వాది దాన్ని తిరస్కరించి, తీర్పులో అంతకు మించి రాబట్టలేకపోతే, ఇచ్చిన గడువు ముగిసినప్పటి నుంచి అయిన ఖర్చు సాధారణంగా వాదే భరించాలి. వాది చేసిన ప్రతిపాదనను కాదన్న ప్రతివాదికీ అలాంటి శిక్షే ఉంటుంది. అమెరికాలో ఎవరి ఖర్చు వారిదే అయినా, గెలిస్తేనే వాటా తీసుకునే పద్ధతిలో న్యాయవాదులు గాయపడినవారి తరఫున ఆగగలుగుతారు. కేసు ఫలితంలో వాటా తీసుకోవడాన్ని మన బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. దానికి మంచి కారణాలే ఉన్నాయి, కానీ పేద కక్షిదారుకు ఆగే శక్తిని ఇచ్చే మరో ఏర్పాటు మాత్రం బలంగా నిలబడలేదు.

చెక్కు బౌన్స్ కేసుల్లో ఆ దిశగా ఒక ప్రయత్నం జరిగింది. విచారణ దశలోనే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారాన్ని 2018 సవరణ కోర్టులకు ఇచ్చింది. రాజీకి ఆలస్యంగా వచ్చేకొద్దీ ముద్దాయి చెక్కు మొత్తంలో ఎక్కువ శాతాన్ని ఖర్చుగా కట్టే పద్ధతిని 2010లో సుప్రీంకోర్టు ప్రవేశపెట్టింది, 2025లో ఆ శాతాలను తగ్గించింది. తొందరగా రాజీపడినవాడికి లాభం, సాగదీసినవాడికి నష్టం అన్న ఈ సూత్రం మామూలు అప్పు దావాలకు కూడా వస్తే లోక్ అదాలత్ బేరాల రూపమే మారిపోతుంది.

అప్పీలు లేని కాగితం

జడ్జి ఇచ్చిన తీర్పులో తప్పుంటే పై కోర్టు సరిదిద్దుతుంది. రాజీలో తప్పుంటే సరిదిద్దేవారు దాదాపు లేరు. ఇరుపక్షాల సమ్మతితో వచ్చిన డిక్రీ మీద సాధారణంగా అప్పీలుండదు. ఆ రాజీ చట్టబద్ధం కాదంటూ వేరే దావా వేయడానికీ వీల్లేదు. రాజీని నమోదు చేసిన కోర్టునే ఆశ్రయించాలి. లోక్ అదాలత్ అవార్డు విషయంలో గడప ఇంకా ఎత్తు. అప్పటి ఉమ్మడి హైకోర్టు నుంచి వెళ్లిన ఒక భూవివాదంలో 2017లో సుప్రీంకోర్టు, అవార్డును మోసంతో పొందారని ఆరోపించినా సివిల్ దావా చెల్లదని, హైకోర్టులో రిట్ పిటిషన్ ఒక్కటే దారి అని తేల్చింది.

అందువల్ల రాజీపత్రంలోని ప్రతి వాక్యం తీర్పులోని వాక్యం కంటే బరువైనది. ‘ప్రతివాది వాదికి త్వరలో 8 లక్షలు చెల్లించును’ అన్న వాక్యంతో ఈపీ వేస్తే మొదటి గొడవ ‘త్వరలో’ అన్న మాట దగ్గరే వస్తుంది. ఏ తేదీన, ఏ ఖాతాకు, ఎన్ని వాయిదాల్లో, ఒక వాయిదా తప్పితే మిగతా మొత్తం ఒకేసారి వసూలు చేసుకోవచ్చా, తప్పిన నాటి నుంచి వడ్డీ ఎంత అన్నవి రాసి ఉన్నప్పుడే ఆ కాగితం పనిచేస్తుంది. చెక్కు బౌన్స్ కేసును లోక్ అదాలత్‌లో ముగించుకున్న ఫిర్యాదుదారు మరో సంగతి గుర్తించాలి. అవార్డు సివిల్ డిక్రీలాగే అమలవుతుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అంతవరకు జైలు భయంతో దిగివచ్చిన ముద్దాయి, ఆ తరువాత మామూలు బాకీదారు అవుతాడు. మొదటి విడత డబ్బు చేతికి అందాకే సంతకం చేయడం ఈ కారణంగానే మంచిది.

డిక్రీ వచ్చిన తరువాత ఊళ్లో పెద్దమనుషుల ముందు చేసుకునే రాజీలో ఇంకో ఉచ్చు ఉంది. డిక్రీ మొత్తం కన్నా కొంత తగ్గించి, చేతికి డబ్బు ఇచ్చి, తెల్లకాగితం మీద రసీదు రాయించుకుని కేసు అయిపోయిందని అనుకుంటారు. కానీ 21వ ఆర్డర్ 2వ రూల్ ప్రకారం, కోర్టు బయట జరిగిన చెల్లింపును కోర్టులో నమోదు చేయించాలి. డబ్బు ఇచ్చినవాడు అందుకోసం 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. నమోదు కాని చెల్లింపును ఈపీ విచారించే కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీదారుకు ఈపీ వేయడానికి 12 ఏళ్ల గడువు ఉంటుంది కనుక, మనసు మారినా, వారసులు మారినా పాత డిక్రీ మళ్లీ బయటికి వస్తుంది. మాట మీద నమ్మకంతో డబ్బు కట్టినవారు రెండోసారి కట్టవలసి వచ్చేది ఇలాంటి చోట్లే.

సంతకం చేయని వాటాదారు

రాజీకి అన్నిటికన్నా తగిన కేసులు ఉమ్మడి ఆస్తి తగాదాలే. దావా నడుస్తున్నంతకాలం ఆ భూమిని కొనేవాడు తీర్పుకు లోబడవలసి ఉంటుంది కాబట్టి సరైన ధర రాదు, బ్యాంకు అప్పివ్వదు. రాజీ అయితే తూర్పు పొలం ఒకరికి, ఊళ్లోని ఇల్లు ఒకరికి, తేడాకు నగదు అన్నట్టు, జడ్జి ఇవ్వలేని పంపకాన్ని కూడా చేసుకోవచ్చు. 

అయితే ఇక్కడే ఆడపిల్లల వాటా కనబడకుండా పోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు పుట్టుకతో వచ్చే హక్కును ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా ఆ హక్కును అందరు కుమార్తెలకూ విస్తరించింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. అన్నదమ్ములిద్దరూ రాజీపడి డిక్రీ తెచ్చుకున్నా, కేసులో లేని అక్కచెల్లెళ్లకు అది వర్తించదు. పదేళ్ల తరువాత వారిలో ఒకరు దావా వేస్తే మొత్తం పంపకం కదిలిపోతుంది. పసుపుకుంకుమ కింద కొంత ఇచ్చామన్న మాట కోర్టులో నిలవదు. మైనర్ వాటాదారు తరఫున కోర్టు అనుమతి లేకుండా చేసిన రాజీని కూడా ఆ మైనర్ తరువాత కాదనవచ్చు. 

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చూసుకోవాలి. దావాలో ఉన్న ఆస్తికి సంబంధించిన రాజీ డిక్రీకి సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. దావాలో లేని మరో స్థలాన్ని కూడా అదే కాగితంలో పంచుకుంటే ఆ భాగానికి రిజిస్ట్రేషన్ తప్పదు.

క్రిమినల్ కేసుల్లో పరిమితి

ప్రతి నేరాన్నీ రాజీతో ముగించలేరు. ఏ నేరాల్లో బాధితులు రాజీపడవచ్చో చట్టమే జాబితా ఇచ్చింది, ఆ జాబితాలో లేనివాటిని కొట్టివేయాలంటే హైకోర్టుకు వెళ్లాలి. భార్యను వేధించిన కేసుల్లో రాజీకి కోర్టు అనుమతితో, కనీసం 3 నెలలు ఆగిన తరువాత, వీలు కల్పిస్తూ, 2024 జులై దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు ఆంధ్రప్రదేశ్ 2003లో ప్రత్యేక సవరణ చేసింది. ఆ 3 నెలల వ్యవధి పెట్టడం మంచి ఆలోచన. ఒత్తిడితో చేసిన సంతకమైతే వెనక్కి తీసుకోవడానికి అది ఆమెకు సమయమిచ్చేది. సివిల్ రాజీల్లో అటువంటి వ్యవధి లేకపోవడం లోటే.

నష్టం లెక్క తేలకముందే చేసిన రాజీ

భోపాల్ గ్యాస్ దుర్ఘటన దేశ చరిత్రలో ఎంతో చర్చకు గురైన రాజీకి దారితీసింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక, అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్‌కు చెందిన ఫ్యాక్టరీ నుంచి విషవాయువు ఊరి మీద పడింది. బాధితులందరి తరఫున దావా వేసే ఏకైక హక్కును 1985 చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. న్యూయార్క్ కోర్టు ఈ కేసు భారతదేశంలోనే నడవాలని 1986లో చెప్పింది. ఇక్కడ ప్రభుత్వం 330 కోట్ల డాలర్లు కోరింది. మధ్యంతర పరిహారం వివాదం సుప్రీంకోర్టుకు చేరిన దశలో, అసలు విచారణలో సాక్ష్యమే నమోదు కాకుండా, 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితులెవరూ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు.

రాజీకి అనుకూలంగా చెప్పిన కారణం తోసిపుచ్చదగింది కాదు. విచారణ దశాబ్దాలు పట్టేది, అమెరికా కంపెనీ నుంచి డిక్రీ సొమ్ము వసూలు చేయడం అనుమానమే. కానీ మరణాలు సుమారు 3,000 అన్న అంచనా మీద నిలిచిన ఆ మొత్తం, తరువాత అధికారిక లెక్క 5,000 దాటినా మారలేదు. 1991లో సుప్రీంకోర్టు, రాజీలో భాగంగా చేసిన క్రిమినల్ కేసుల రద్దును మాత్రం వెనక్కి తీసుకుంది, రాజీ మొత్తాన్ని అలాగే ఉంచింది. సొమ్ము చాలకపోతే లోటు కేంద్రం భరించాలని, భవిష్యత్తులో జబ్బులు బయటపడేవారి కోసం బీమా పాలసీ తీసుకోవాలని చెప్పింది. అదనంగా 7,844 కోట్ల రూపాయలు ఇప్పించాలంటూ కేంద్రం 2010లో వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను (తుది తీర్పును సరిదిద్దమని కోరే చివరి పిటిషన్‌ను) 2023 మార్చి 14న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. మోసం రుజువైతే తప్ప కుదిరిన రాజీని తిరగదోడలేమని చెబుతూ, తీసుకోవలసిన ఆ బీమా పాలసీని కేంద్రం తీసుకోనేలేదని ఎత్తిచూపింది.